తెలుగు వాక్యాన్ని చివరి నుంచి దిద్దండి

క్లుప్తంగా రాయమంటే చాలామంది విశేషణాల మీద పడతారు. ‘అద్భుతమైన’, ‘అత్యంత’, ‘ఎంతగానో’ కొట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అవి పోవలసినవే, కానీ తెలుగు వాక్యం లావెక్కేది అక్కడ కాదు. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి పనికిరాని మాటలు ఎక్కువగా అక్కడే పోగవుతాయి: చేయడం జరిగింది, చేయబడుతోంది, చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది, చేశారని చెప్పక తప్పదు. అందుకే దిద్దుబాటు వాక్యం చివర మొదలుపెట్టాలి. ముందు క్రియ, తర్వాత దాని ముందున్న నామవాచకాలు, ఆఖరున వాక్యం మొదలు.

అర్జీ, వార్త, ఆఫీసు సర్క్యులర్, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టే ప్రకటన, వ్యాసం, దేనికైనా పద్ధతి ఇదే. రాసేటప్పుడు మాత్రం కత్తిరించకండి. చెప్పదలచుకున్నదంతా కాగితం మీదికి వచ్చాక, వీలైతే ఒక పూట ఆగి, అప్పుడు దిద్దండి. రాస్తూ దిద్దితే మాటలు తగ్గవు, విషయం తగ్గుతుంది.

ముందు క్రియ

మొదటి విడతలో వాక్యం మొత్తం చదవకండి. ప్రతి వాక్యంలో చివరి మూడు పదాలు మాత్రం చూసుకుంటూ పోండి. అర్థం మీదికి మనసు పోదు కాబట్టి దోషాలు తేలిగ్గా దొరుకుతాయి.

ఎక్కువగా దొరికేది ‘-డం జరిగింది’. ‘సమస్యపై చర్చించడం జరిగింది’ అంటే ‘సమస్యపై చర్చించారు’ అనే. ఇది ఎలా పుడుతుందో తెలిస్తే పట్టుకోవడం సులువు. ‘చర్చించు’కు ‘-డం’ చేర్చగానే అది నామవాచకం అయిపోతుంది. వాక్యానికి మళ్లీ ఒక క్రియ కావాలి కాబట్టి ‘జరిగింది’ని తెచ్చి అతికించాల్సి వస్తుంది. అలా అతికించినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది: ‘చర్చించాం’, ‘చర్చించారు’ అన్నప్పుడు ఎవరన్నది క్రియలోనే తెలుస్తుంది, ‘జరిగింది’లో అది మాయమవుతుంది. ప్రెస్‌మీట్లలో ఈ ప్రయోగం ఇంతగా వినిపించడానికి ఆ సౌకర్యమూ ఒక కారణమే. దానంతటది జరిగేదానికి మాత్రం ‘జరిగింది’ ఉంచండి: ప్రమాదం జరిగింది, పెళ్లి జరిగింది. ముందు ‘-డం’ గాని ‘-టం’ గాని ఉంటే కొట్టేయండి.

రెండోది ‘-బడు’. ‘నిధులు మంజూరు చేయబడ్డాయి’, ‘దరఖాస్తులు స్వీకరించబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’. చేసినవాళ్ల పేరు చెప్పనక్కర్లేనప్పుడు తెలుగు ఎప్పటినుంచో బహువచన క్రియ వాడుతోంది: రోడ్డు వేశారు, నీళ్లు వదిలారు, కరెంటు తీసేశారు. అదే ఇక్కడా చాలు: ‘నిధులు మంజూరు చేశారు’, ‘దరఖాస్తులు తీసుకుంటారు’. ఇంటి గోడ మీది బోర్డుకైతే ‘ఇల్లు అద్దెకు’ అంటే సరిపోతుంది, క్రియే అక్కర్లేదు. కనబడు, నిలబడు, ఏర్పడు లాంటివి వేరు. అవి సొంతంగా నిలిచిన క్రియలు, వాటిని ముట్టుకోకండి.

మూడోది, ఒక క్రియను రెండుగా చీల్చడం. ‘పరిశీలన చేశారు’ కాదు, ‘పరిశీలించారు’. ‘ప్రారంభోత్సవం గావించారు’ కాదు, ‘ప్రారంభించారు’. ‘సమావేశాన్ని నిర్వహించుకోవడం జరిగింది’ అనే మూడు పదాలకు ‘సమావేశమయ్యారు’ ఒక్కటి చాలు. ‘వినియోగించుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది’ అంటే ‘వాడుకోవాలి’.

నాలుగోది వ్యాసాలు రాసేవారి జబ్బు: అనడంలో ఎలాంటి సందేహం లేదు, అంటే అతిశయోక్తి కాదు, అని చెప్పవచ్చు, అని చెప్పక తప్పదు, అన్న విషయం అందరికీ తెలిసిందే. సందేహం లేకపోతే సందేహం లేదని చెప్పక్కర్లేదు. అందరికీ తెలిసిందే అయితే వాక్యమే అక్కర్లేదు. తోక తీసేసి చదవండి, వాక్యం బలహీనపడితే తప్పు తోకలో లేదు, విషయంలో ఉంది.

ఇంకొకటి అనువాదాల ద్వారా వచ్చింది: ‘ఈ ఫోన్ 5000 ఎంఏహెచ్ బ్యాటరీని కలిగి ఉంది’. తెలుగులో వస్తువులు వేటినీ కలిగి ఉండవు, వాటిలో ఉంటాయి లేదా వాటికి ఉంటాయి. ‘ఈ ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది.’ అలాగే ‘ఆయన ఒక మంచి వైద్యుడు అయి ఉన్నారు’ అన్నదానిలో ‘ఒక’, ‘అయి ఉన్నారు’ రెండూ దండగ. ‘ఆయన మంచి వైద్యుడు’ అంటే క్రియ లేకుండానే వాక్యం పూర్తి. ఇంత సౌకర్యం ఉన్న భాషలో దాన్ని వాడుకోకపోవడమే వింత.

కంప్యూటర్లో రాస్తే కళ్లకు పని తగ్గించుకోవచ్చు. ‘డం జరి’, ‘టం జరి’, ‘డం జరు’, ‘టం జరు’ అని నాలుగుసార్లు వెతికితే జరిగింది, జరుగుతోంది, జరుగుతుంది అన్నీ దొరుకుతాయి. తర్వాత బడింది, బడిన, బడుతుంది, బడలేదు. ఆ తర్వాత యొక్క, అనేది, టువంటి, మరియు, కలిగి, సంబంధించి. దొరికిన ప్రతిదాన్నీ కళ్లతో చూసి మార్చండి. అన్నిటినీ ఒక్క నొక్కుతో మార్చే మీట జోలికి పోకండి. ‘అనేది’ని గుడ్డిగా తీసేస్తే ‘వాళ్లమ్మ రోజూ అదే మాట అనేది’ అన్న వాక్యంలో క్రియ ఎగిరిపోతుంది.

తర్వాత నడుము

‘యొక్క’ దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. ఆ సంబంధాన్ని తెలుగు నామవాచకం తన రూపంలోనే చెబుతుంది: ఇల్లు–ఇంటి, ఊరు–ఊరి, రాముడు–రాముడి. ‘పాఠశాల యొక్క గోడ’ను ‘పాఠశాల గోడ’ అంటే అర్థం కానివారు లేరు. ‘ఈ యొక్క సమస్య’లో అయితే దానికి అసలు పనే లేదు, నోరు ఊపిరి తీసుకోవడానికి వేసుకున్న మాట అది. పద్యంలో గణం సరిపోవడానికి కవులు పాదపూరణకు ఇలాంటివి ఒకటి రెండు వేసుకునేవారు. లాక్షణికులు అదీ దోషమే అన్నారు. వచనానికి గణాల బెడద కూడా లేదు.

‘ఉన్నటువంటి’, ‘వచ్చినటువంటి’, ‘చేసేటువంటి’లో ‘టువంటి’ తీసేయండి. ‘వీధిలో గల స్తంభం’ అంటే ‘వీధిలోని స్తంభం’. ‘ఎవరైతే పన్ను కట్టలేదో వారు’ అంటే ‘పన్ను కట్టనివారు’. ఆ ఎవరైతే–వారు, ఏదైతే–అది జంటలు మామూలుగా అక్కర్లేదు. మన విశేషణ క్రియ (‘కట్టని’, ‘కట్టిన’ లాంటిది) ఆ పనిని ఒక్క మాటలో చేస్తుంది. ‘రాముడు మరియు సీత’ను ‘రాముడూ సీతా’ అనండి, చివర దీర్ఘం చేరిస్తే చాలు.

కర్తను కూడా అనుమానించండి. ‘నేను నిన్న వెళ్లాను. నేను అక్కడ మేనేజర్‌ని కలిశాను. నేను ఆయనకు కాగితాలు ఇచ్చాను.’ నేనెవరో క్రియ చివర ‘ను’ చెబుతూనే ఉంది. మొదటి ‘నేను’ ఉంచి మిగతావి తీసేయండి. వార్తల్లో ‘ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ ... అని ఆయన అన్నారు’ అనేది ఇంకా ఘోరం. చెప్పడం రెండుసార్లు, ఆయన రెండుసార్లు. చివరి ‘అన్నారు’ చాలు.

జంటగా తిరిగే దండగమాటలు త్వరగా చూసేద్దాం. గత పది రోజుల క్రితం: ‘గత’ గాని ‘క్రితం’ గాని ఒకటే. తిరిగి పునఃప్రారంభం: ‘పునః’ అంటేనే తిరిగి. రూ.500 రూపాయలు. ఐదుగురు వ్యక్తులు: ఐదుగురు. రెండు గంటల సమయం: రెండు గంటలు. సుమారు 40 మంది వరకు: సుమారు 40 మంది. ఎరుపు రంగు చీర: ఎర్ర చీర. శ్రీ, గారు రెండూ ఒకే పేరుకు అక్కర్లేదు.

అయితే చెట్టూ చేమా, పనీ పాటా, ఇల్లూ వాకిలీ లాంటి జంటల్ని ఈ లెక్కలో వేసి కొట్టేయకండి. అవి రెండుసార్లు చెప్పడం కాదు. ‘ఇల్లూ వాకిలీ పోయాయి’కీ ‘ఇల్లు పోయింది’కీ బరువులో తేడా ఉంది.

ఆఖరున మొదలు

పరీక్ష సులువు. మొదటి పేరా వేలితో మూసి రెండో పేరా నుంచి చదవండి. అర్థమైతే మొదటిది అక్కర్లేదు. ‘నేటి ఆధునిక సాంకేతిక యుగంలో’, ‘మారుతున్న కాలానికి అనుగుణంగా’ అని మొదలైన పేరాలు చాలావరకు ఈ పరీక్షలో పోతాయి. వాక్యం మొదట్లోని కాగా, ఇదిలా ఉండగా, ఈ నేపథ్యంలో, ఈ క్రమంలో కూడా ఇంతే. ‘కానీ’, ‘అందుకే’ మాత్రం రెండు వాక్యాల మధ్య తర్కాన్ని చెబుతాయి, వాటిని తీస్తే పాఠకుడు దారి తప్పుతాడు.

ఒక అర్జీని దిద్దడం

కరెంటు ఆఫీసులో ఇచ్చే అర్జీ సాధారణంగా ఇలా ఉంటుంది:

“అయ్యా, తమరికి మనవి చేయునది ఏమనగా, మా వీధిలో అనగా రామాలయం వెనుక వైపు ఉన్నటువంటి వీధిలో గల విద్యుత్ స్తంభం అనేది గత కొన్ని రోజుల క్రితం వచ్చినటువంటి ఈదురు గాలుల కారణంగా ఒక పక్కకు వంగిపోవడం జరిగింది. దీని వలన విద్యుత్ తీగలు అనేవి చాలా కిందకు వేలాడుతూ ఉండటం వలన అటుగా వెళ్ళే ప్రజలు తీవ్ర భయాందోళనలకు గురికావడం జరుగుతోంది. ఈ విషయమై ఇంతకు ముందు కూడా సంబంధిత సిబ్బందికి తెలియజేయడం జరిగింది. అయినప్పటికీ ఎటువంటి చర్యలు తీసుకోబడలేదు. కావున తమరు దయ ఉంచి ఈ యొక్క సమస్యను పరిశీలించి తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుచున్నాము.”

71 పదాలు. దిద్దాక:

“అయ్యా, రామాలయం వెనక వీధిలో 4-27 నంబరు ఇంటి ముందున్న కరెంటు స్తంభం మే 6 రాత్రి గాలివానకు రోడ్డు మీదికి వంగింది. తీగలు మనిషి చేతికందే ఎత్తులో వేలాడుతున్నాయి. మే 8న లైన్‌మన్‌కు చెప్పాం, ఇంతవరకు ఎవరూ రాలేదు. వెంటనే సరఫరా ఆపి, స్తంభం మార్చాలని కోరుతున్నాం.”

35 పదాలు. మాటలు సగం కన్నా తగ్గాయి, సమాచారం పెరిగింది. మొదటిదానిలో ఇంటి నంబరు లేదు, తేదీలు లేవు, ఎవరికి చెప్పారో లేదు, ఏం కావాలో కూడా లేదు. ‘చాలా కిందకు’ అంటే ఎంత కిందకో అధికారికి తెలియదు. ‘చేతికందే ఎత్తులో’ అంటే ఆ రోజే మనిషిని పంపాలని తెలుస్తుంది. ‘తీవ్ర భయాందోళనలు’ అక్కర్లేదు, చేతికందే తీగ గురించి చదివినవారికి భయం దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే నష్టం చేసేది ‘తగు చర్యలు’. ఏ చర్య తగినదో నిర్ణయించే పని ఎదుటివారికి వదిలేస్తే, కాగితాన్ని ఇంకో టేబుల్‌కు పంపడం కూడా తగిన చర్యే అవుతుంది. కావలసిన పనిని క్రియతో చెప్పండి: మార్చాలి, ఆపాలి, కొలవాలి, ఇవ్వాలి. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం ఉద్యమించి నూరేళ్లు దాటినా అర్జీల్లో ‘కోరుచున్నాను’ కదలకపోవడానికి భయమే కారణం, మామూలు తెలుగులో రాస్తే మర్యాద తగ్గుతుందేమోనని. ‘అయ్యా’, ‘కోరుతున్నాం’ ఉంటే మర్యాద ఉన్నట్టే.

సమాచార హక్కు దరఖాస్తుకు ఈ పొదుపు ఇంకా అవసరం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 2012 నియమాల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదు. చిరునామాలు, జతచేసిన కాగితాలు ఆ లెక్కలోకి రావు. దాటిందన్న ఒక్క కారణంతో తిరస్కరించడానికీ వీల్లేదు. కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్‌లో అయితే పెట్టెలో 3000 అక్షరాలే పడతాయి, మిగిలింది విడిగా జతచేయాలి. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉంటాయి. ఎక్కడైనా ముందు కొట్టేయవలసింది ‘నేను ఎందుకు అడుగుతున్నానంటే’ అన్న పేరా. 2005 చట్టం 6(2) సెక్షన్ ప్రకారం సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. తర్వాత ‘ఎందుకు చేయలేదు?’, ‘ఇది న్యాయమా?’ అన్న ప్రశ్నలు. చట్టం ఇప్పించేది రికార్డుల్లో ఉన్న సమాచారాన్ని, సంజాయిషీని కాదు. ‘రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు?’ అని అరపేజీ రాసే బదులు ‘ఫలానా రోడ్డు పని అంచనా, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), బిల్లు చెల్లింపుల నకళ్లు ఇవ్వండి’ అని ఒక్క వరుస రాయండి. నాసిరకమో కాదో ఆ కాగితాలే చెబుతాయి.

ఏది లెక్కపెట్టాలి

తెలుగులో పదాల లెక్క మోసం చేస్తుంది. ప్రత్యయాలూ సహాయక క్రియలూ అతుక్కునే భాష ఇది. ‘వెళ్లాల్సివచ్చినప్పటికీ’ కంప్యూటర్ లెక్కలో ఒక్క పదమే. మాటల మధ్య ఖాళీలు తీసేసి ‘ఇంటిముందున్నస్తంభం’ అని రాస్తే పదాలు తగ్గుతాయి, చదివేవారి శ్రమ పెరుగుతుంది. పరిమితి పదాల్లో ఉన్నా, మీ మటుకు మీరు అక్షరాలు చూసుకోండి.

ఎస్సెమ్మెస్ పంపేవారికి ఇది డబ్బు లెక్క. ఇంగ్లిష్ సందేశంలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 యూనిట్లే. అది దాటితే సందేశం ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున. యూనిట్ అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. గుణింతం గుర్తు, సున్నా, పొల్లు, ఖాళీ ఒక్కొక్కటీ ఒక యూనిట్. ‘ప్ర’ మూడు, ‘స్త్రీ’ ఆరు. ‘లైన్‌మన్‌కు’లో ‘న్’ కింద తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు కూడా లెక్కలోకి వస్తుంది.

‘మీకు తెలియజేయునది ఏమనగా రేపు ఉదయం 6 గంటల నుంచి 9 గంటల వరకు నీటి సరఫరా నిలిపివేయబడును’: 84 యూనిట్లు, అంటే రెండు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు.

‘రేపు ఉదయం 6 నుంచి 9 వరకు నీళ్లు రావు. బిందెలు నింపుకోండి.’: 57. ఒక్కటి చాలు, పైగా ఏం చేయాలో కూడా చెప్పింది. ఆదా చేయాలని ‘ఉదయం’ తీసేయకండి, 6 నుంచి 9 సాయంత్రం కూడా వస్తుంది.

ఎక్స్‌లో తెలుగు పోస్టుకు 280 యూనిట్లు ఉన్నా లెక్క ఇలాగే: గుణింతానికొకటి, వత్తులో పొల్లుకొకటి. అందుకే సంస్కృత సంయుక్తాక్షరాలున్న మాట కన్నా తెలుగు మాట తరచు చవక: ‘ప్రయత్నిస్తున్నాం’ బదులు ‘చూస్తున్నాం’.

ఎక్కువ కోస్తే

క్లుప్తత పేరుతో ముందు పోయేవి విభక్తులు, ప్రమాదమూ అక్కడే. ‘మంత్రిని తిట్టిన ఎమ్మెల్యే’లో ఒక్క ‘ని’ తీసేస్తే ‘మంత్రి తిట్టిన ఎమ్మెల్యే’ అవుతుంది, తిట్టినవారు మారిపోతారు. శీర్షిక స్థలంలో పట్టలేదని ఇది చేసి మర్నాడు సవరణ వేసుకోవడం కన్నా చిన్న మాట వెతుక్కోవడం మేలు. ‘ప్రమాదంలో గాయపడిన డ్రైవర్ భార్య’: గాయపడింది డ్రైవరా, భార్యా? విశేషణ క్రియ తర్వాత రెండు నామవాచకాలు వరసగా వస్తే ఈ చిక్కు తప్పదు. ‘ప్రమాదంలో డ్రైవర్ భార్యకు గాయాలు’ అంటే పదాలూ పెరగవు, అనుమానమూ ఉండదు.

చేసి, వెళ్లి, తెచ్చి అని అసమాపక క్రియలు గుచ్చుకుంటూ పోవడం కూడా పొదుపులాగే కనిపిస్తుంది. వాటన్నిటికీ కర్త ఒకరే అయినంతవరకు బాగానే ఉంటుంది. ‘దొంగలు ఇంట్లోకి ప్రవేశించి, యజమాని నిద్రలేచి, గట్టిగా అరిచి పారిపోయారు’ అన్నప్పుడు అరిచిందెవరు? కర్త మారిన చోట వాక్యం ఆపండి. ఒకే కర్త అయినా మూడు దాటితే ఆపడమే మంచిది, లేకపోతే కొండవీటి చాంతాడు అవుతుంది.

నామవాచకాల గుట్ట ఇంకో రకం. ‘విద్యార్థుల ఉపకార వేతన దరఖాస్తుల పరిశీలన గడువు పొడిగింపు’లో క్రియ లేదు, పదాలూ తక్కువే, కానీ చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాం. ‘విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించే గడువు పెంచారు’ అంటే ఊపిరాడుతుంది. గుట్టలో నాలుగో నామవాచకం కనిపించగానే ఒకదాన్ని క్రియగా మార్చండి.

చిన్న ముక్కల జోలికి పోయేముందు వాటి పని చూడండి. ‘వచ్చాడు’ సాక్ష్యం, ‘వచ్చాడట’ విన్న మాట. ‘ట’ తీస్తే విన్నదాన్ని చూసినట్టు చెప్పినవారవుతారు. ‘సుమారు’, ‘ఆరోపణ’, ‘నిందితుడు’ కూడా అంతే. నిందితుణ్ని హంతకుడు అంటే రెండక్షరాలు కూడా మిగలవు, పరువు నష్టం నోటీసు మాత్రం వస్తుంది. ‘కూడా’, ‘మాత్రమే’, ‘-ఏ’ ఉన్న వాక్యాన్ని అవి లేకుండా ఒకసారి చదవండి, అర్థం మారితే ఉంచండి. మందుల మోతాదు, గ్యాస్ సిలిండర్ జాగ్రత్తలు లాంటి చోట ఒకే హెచ్చరిక రెండుచోట్ల ఉన్నా ఉండనివ్వండి, వాటిని ఎవరూ మొదటి నుంచి చదవరు.

పెద్దలకు రాసే సందేశంలో ‘గారు’, ‘అండి’ జోలికి వెళ్లొద్దు. ‘మాస్టారూ, రేపు మీటింగ్‌కు రండి’లో తీయడానికి ఏమీ లేదు.